పెసరగింజంత గుండు

వెర్నా టాలెఫ్‌సన్ మూడో తుపాకీని భుజానికి ఆనించి, గోడకి బిగించిన దుప్పి తల కంటికి గురి చూసి, దించింది. దించేటప్పుడు పెదవి కొరుక్కుంది. అది గేలెన్ కంటబడింది.

"భుజమేనా?"

"భుజం బాగానే ఉంది."

"అక్టోబరులో కోశారు, జనవరికల్లా బాగైపోయిందా? ఏం పెట్టి అతికించారు, సిమెంటా?"

"నీ దుకాణం సిమెంటైతే ఈపాటికి ఊడిపోయేది. ఆ పక్కది చూపించు."

గేలెన్ నవ్వి తుపాకీ అందుకున్నాడు. ఇద్దరూ ఒకే బడిలో ఒకే తరగతి చదివినవాళ్ళు. విల్లో ఫోర్క్‌లో ఊరందరికీ మేకులు, బూట్లు, పశువుల మందులు, తుపాకులు అన్నీ గేలెన్ దుకాణంలోనే దొరుకుతాయి. ఏది కొనాలన్నా అతని మాటలు వింటూ కొనాల్సిందే.

డిసెంబరు నుంచి వెర్నా మందలో నాలుగు గొర్రెలు పోయాయి. నాలుగూ ఒక్క తీరుగానే చచ్చాయి. దవడ కిందుగా గొంతు మీద రెండు లోతైన గాట్లు, తొడ దగ్గర కాస్త తిన్న గుర్తు, మిగతా ఒళ్ళంతా శుభ్రం. కయోట్ పని అది. నక్క కన్నా పెద్దది, తోడేలు కన్నా చిన్నది ఆ జంతువు; గొంతు పట్టుకుని ఊపిరాగేదాకా వదలదు. మరో నెలలో ఈతలు మొదలవుతాయి. నూట ముప్ఫై చూడి గొర్రెలు, మనిషి ఒక్కతే.

"ఇది టూ ఫార్టీత్రీ, పెద్ద గుండు," అన్నాడు గేలెన్, ఆమె దించిన తుపాకీని తడుతూ. "దీంతో కొడితే కయోటూ చస్తుంది, దాని వెనకున్న కయోటూ చస్తుంది. కాని పేలినప్పుడు భుజాన్ని తంతుంది. నీ కుట్లు ఊడితే నా మీద కేసు వేస్తావు. ఇది చూడు."

అతను అలమారలోంచి సన్నటి తుపాకీ ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. పక్కన ఒక తూటా నిలబెట్టాడు. దాని కొసన ఉన్న గుండు పెసరగింజంత ఉంది.

"సెవెంటీన్. పిల్లి తుమ్మినంత కూడా తన్నదు. తోలు మీద సూదిపోటంత చిల్లు, అంతే. లోపలికి పోయి పొడైపోతుంది, ఇంకో వైపు నుంచి బయటికి రాదు. తోళ్ళు కొనేవాడు నిన్ను ముద్దు పెట్టుకుంటాడు."

"వాడు ముద్దు పెట్టుకునేట్టయితే టూ ఫార్టీత్రీయే ఇచ్చెయ్."

గేలెన్ బల్ల చరిచి నవ్వాడు. మేకుల డబ్బాల దగ్గర నిలబడ్డ ఇద్దరు కూడా నవ్వారు.

"గాలి సంగతేంటి?"

ఆ మాట అన్నది ఈమిల్ రాస్క్. కుక్క మేత బస్తా భుజాన పెట్టుకుని డబ్బు కట్టడానికి నిలబడి ఉన్నాడు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. రైలు పట్టాల పని చేసి దిగిపోయాక వెర్నా కంచె ఆనుకుని ఉన్న ఇంట్లో ఒంటరిగా ఉంటున్నాడు. "మన దగ్గర గాలి ఎప్పుడాగింది గేలెన్? అంత తేలిక గుండు రెండొందల గజాలు పోయేసరికి జానెడు పక్కకి కొట్టుకుపోతుంది."

"రైలు తాతా," అన్నాడు గేలెన్, "నీ జన్మలో నువ్వేం కొట్టావు చెప్పు. మేకులు. అవి పరిగెత్తవు కూడా."

మళ్ళీ నవ్వులు. ఈమిల్ కూడా కొంచెం నవ్వాడు. బస్తా ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

"మేకైనా ఒక్క దెబ్బకి దిగాలనే చూసేవాణ్ణి. తగిలింది పడాలి వెర్నా. భుజం కింద తువ్వాలు మడిచి పెట్టుకో, పెద్దదే తీసుకో."

అందరూ తన భుజం వైపు చూస్తున్నారని వెర్నాకి అనిపించింది. చెవులు వేడెక్కాయి.

"ఇదే ఇవ్వు," అంది, సన్నటి తుపాకీ మీద చెయ్యి వేసి.

"చూశావా, తెలివైంది," అన్నాడు గేలెన్. "ఈ చుట్టుపక్కల సెవెంటీన్ ఇంకెవరి దగ్గరా లేదు. నీదే మొదటిది."

ఈమిల్ బస్తా దింపి డబ్బు కట్టాడు. బయట అతని కుక్క బర్డీ, తెల్లబడిన మూతి అద్దానికి ఆనించి, లోపలికి చూస్తూ కూర్చుంది.

*

మర్నాడు పొద్దున గొడ్డలితో నీళ్ళ తొట్టి మీది మంచు పగలగొట్టి, పారతో గడ్డలు తీసి బయట పారేసి, రెండు గడ్డిమోపులు విప్పి పరిచాక వెర్నా తుపాకీ తీసుకుని ఉత్తరం వైపు గట్టు మీదికి వెళ్ళింది. చలి సున్నాకి పన్నెండు డిగ్రీలు కింద ఉంది. జంతువుల్ని రప్పించే పిలుపు పెట్టెని ముప్ఫై అడుగుల దూరంలో పొద మొదట్లో పెట్టి, తను కంచె గుంజకి వీపు ఆనించి కూర్చుంది. చేతిలోని మీట నొక్కగానే పెట్టెలోంచి కుందేలు ఏడుపు మొదలైంది. పట్టుబడిన కుందేలు ఏడుపు అది. చంటిపిల్ల ఏడుపుకి దగ్గరగా ఉంటుంది.

పదకొండు నిమిషాల తర్వాత కయోట్ వచ్చింది. గట్టు దిగి, ఆగి, తల ఎత్తి, మళ్ళీ వచ్చింది. గాలి ఎడమ నుంచి కొడుతోంది. వెర్నా చేతి తొడుగు పళ్ళతో లాగి తీసేసి వేలు తుపాకీ మీట మీద పెట్టింది. దూరం నూట ఎనభై గజాలు ఉండొచ్చు. రొమ్ము మీద తెల్లబొచ్చు కనబడుతోంది. గాలి కోసం బెత్తెడు ఎడమకి జరిపి గురి పెట్టింది. అదే క్షణంలో కయోట్ వాసన పట్టడానికి తల కిందికి దించింది.

తుపాకీ నిజంగానే తన్నలేదు. తడిబట్ట బండకేసి కొట్టినట్టు గుండు తగిలిన చప్పుడు వెనక్కి వచ్చింది. కయోట్ ఉన్నచోటే రెండు చుట్లు తిరిగింది, మూతిని ముందుకాళ్ళతో గోక్కుంది, తర్వాత గట్టు మీదికి పరిగెత్తి కనబడకుండా పోయింది.

వెర్నా లేచి అది తిరిగిన చోటికి వెళ్ళింది. మంచు మీద రెండు చుక్కల నెత్తురు, కొంచెం అవతల చొంగ కలిసిన మరో చుక్క. గట్టెక్కి చూసింది. గాలి ఊడ్చేసిన గట్టినేల మీద అడుగులు పడలేదు. అరగంట నడిచింది. వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఇంకా పొట్టేళ్ళకి మేత వెయ్యలేదు.

ఎక్కడో పడి చచ్చి ఉంటుంది అనుకుంది. ఆ మాట పైకి కూడా అంది. ఇంటికి వచ్చి తుపాకీ గొట్టం తుడిచి తలుపు వెనక నిలబెట్టింది.

ఆ వారం గొర్రె ఏదీ పోలేదు.

*

మంగళవారం పొద్దున మంద గుండ్రంగా చేరి ఒకే వైపు చూస్తోంది. వెర్నా ట్రక్కు ఆపి దిగింది. మంచు పేరుకున్న పల్లంలో ఒక గొర్రె పడి ఉంది. వెనక తొడలు చీల్చేసి, పొదుగు పీకేసి, చెవులు నమిలేసి ఉన్నాయి. కడుపులో పిల్ల సగం బయటికి వచ్చి గడ్డకట్టింది. గొర్రె తల దగ్గర ఈమిల్ కుక్క బర్డీ నిలబడి ఉంది. ట్రక్కు చప్పుడుకి తలెత్తి తోక ఊపింది. దాని తెల్లటి మూతి ఎర్రగా ఉంది. పళ్ళ మధ్య ఉన్ని.

"ఫో!" అని అరిచింది వెర్నా. బర్డీ చెవులు వెనక్కి వాల్చి, కంచె కిందుగా దూరి, ఈమిల్ ఇంటి వైపు నడిచిపోయింది. పరిగెత్తలేదు. దాని తుంటి కీళ్ళు ఎప్పుడో అరిగిపోయాయి.

రాండెల్ పదింటికల్లా వచ్చాడు. కౌంటీలో పశువుల్ని చంపే జంతువుల పని పట్టడానికి ప్రభుత్వం పెట్టిన మనిషి. నలభై ఏళ్ళుంటాయి, మాట నెమ్మది. గొర్రె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ముందు బయట చూశాడు. తర్వాత చాకుతో గొంతు దగ్గర తోలు ఒలిచి వెనక్కి తిప్పాడు. తెల్లటి కండ మీద ఒక్క మచ్చ లేదు.

"చూడండమ్మా. కయోటైతే ఇక్కడ రెండు చిల్లులుండాలి, కింద నెత్తురు గడ్డ ఉండాలి. పట్టనేలేదు. వెనకంతా నమిలింది. చెవులు నమిలింది. కయోట్ కరుస్తుంది, నమలదు. నమిలేది కుక్క."

"ఈమిల్ కుక్కని ఇక్కడే చూశాను. మూతంతా నెత్తురు."

"మరింకేం." అతను పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. "మీరు అప్పుడే కాల్చాల్సింది. చట్టం ఏమీ అనదు."

"పొరుగాయన. ముందు చెప్పాలి కదా."

"చెప్పాల్సిందేలెండి."

అక్కడ అది మర్యాద. గొర్రెల్ని చంపిన కుక్క పొరుగువాడిదైతే ముందు అతనికి కబురు చెబుతారు. తన కుక్కని తన చేత్తోనే చంపుకోనిస్తారు. అలా చెప్పకుండా కాల్చేస్తే అవమానం. చెప్పాక అతను చెయ్యకపోతే అంతకన్నా అవమానం.

ఈమిల్ ఇంటి ముందు పార పట్టుకుని మంచు తోస్తున్నాడు. రెండు ట్రక్కులు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగడం చూసి పార మెట్టుకి ఆనించాడు. బర్డీ వాళ్ళకి ఎదురొచ్చి వెర్నా బూట్లు వాసన చూసింది. మూతి ఇంకా పూర్తిగా శుభ్రం కాలేదు.

వెర్నా చెప్పింది. ఎక్కువ మాటలు వాడలేదు. ఈమిల్ చివరిదాకా విన్నాడు.

"రాత్రి నా మంచం కిందే పడుకుంది," అన్నాడు. "పొద్దున ఏడింటికి బయటికి వదిలా. వాసనకి పోయి ఉంటుంది. చచ్చిపడ్డ దాన్ని తిన్నదేమో వెర్నా. చంపడం దీనివల్ల ఎక్కడవుతుంది? పన్నెండేళ్ళు. మెట్లు నేను ఎత్తుకుని ఎక్కిస్తా. పళ్ళు చూడు."

అతను వంగి కుక్క నోరు తెరిచాడు. కోరలు మొద్దుబారి, అరిగి, పసుపురంగు గుబ్బల్లా ఉన్నాయి. రాండెల్ దగ్గరికి వచ్చి బొటనవేలితో వాటిని తడిమాడు.

"అదే మరి," అన్నాడు. "కోరల్లేవు. అందుకే గొంతు పట్టలేకపోయింది. అందుకే వెనక పడి నమిలింది. గొర్రె మంచులో దిగబడి కదల్లేకపోయింది, దీనికి తొందరేముంది?"

ఈమిల్ కుక్క నోరు వదిలేశాడు. తను చూపించిందే తన మీదికి ఎలా వచ్చిందో అర్థం చేసుకోవడానికి అతనికి కొంచెంసేపు పట్టింది.

"ఒక్క రోజు," అన్నాడు. "ఇవాళ ఇంట్లో పెట్టి తలుపేస్తా. రేపు, ఎల్లుండి గొర్రె ఏదైనా పోతే ఇది కాదని తెలుస్తుంది. పోకపోతే నేనే నీ దగ్గరికొచ్చి చెప్తా. ఒక్క రోజు వెర్నా. పోనీ రెండు."

"కడుపు నిండిన కుక్క రేపు ఎటూ పోదు పెద్దాయనా," అన్నాడు రాండెల్. "ఎల్లుండీ పోదు. వారానికి పోతుంది. అప్పటిదాకా ఎవరు కూర్చుంటారు? రుచి మరిగింది మానదు. నాకిది కొత్త కాదు." తర్వాత వెర్నా వైపు తిరిగాడు. "గొర్రెలు మీవి. మీరెలా అంటే అలా."

వెర్నా కుక్క వైపు చూడలేదు. మంద ఇంకా మేత లేకుండా నిలబడి ఉంది. భుజం పొద్దుటి నుంచి సలుపుతోంది. మరో మూడు వారాల్లో ఈతలు. పల్లంలో సగం బయటికొచ్చి గడ్డకట్టిన పిల్ల కళ్ళ ముందు ఉంది. ఒక్క రోజు ఇస్తే ఏమవుతుందో ఆలోచించే ఓపిక ఆమెకి లేదు.

"ఇవాళే అయిపోవాలండీ," అంది.

ఈమిల్ తల ఊపాడు. టోపీ తీసి, దాని చెవిరెక్కలు లోపలికి సర్ది, మళ్ళీ పెట్టుకున్నాడు.

"నాకు తుపాకీ లేదు."

వెర్నా ట్రక్కులోంచి సన్నటి తుపాకీ తెచ్చి అందించింది. అతను చెయ్యి చాపలేదు.

"అది వద్దు."

"దగ్గర నుంచే కదా. ఇది చాలు."

"అది వద్దు వెర్నా." రాండెల్ వైపు తిరిగాడు. "అబ్బాయ్, నీ దగ్గరేముంది?"

"టూ ఫార్టీత్రీ."

"అదివ్వు."

రాండెల్ మూడు తూటాలు చేతిలో పెట్టి, తుపాకీ ఎలా తెరవాలో, ఎలా మూయాలో చూపించాడు. "ఇలా పైకెత్తి వెనక్కి. ఇలా ముందుకి నెట్టి కిందికి." ఈమిల్ ఒకసారి చేసి చూపించాడు. "ఇలాగేనా?" "అలాగే." "ఎక్కడ కొట్టాలి?" అని అడిగాడు. రాండెల్ వంగి కుక్క నుదుటి మీద బొటనవేలితో అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీశాడు. "రెండూ కలిసేచోట." బర్డీ తల ఎత్తి అతని మణికట్టు నాకింది.

"రావే," అన్నాడు ఈమిల్.

కుక్క అతని వెనక బొగ్గుల కొట్టం అవతలికి నడిచింది. కొట్టం మూల తిరిగేటప్పుడు అతను ఆగాడు. దాని వెనక కాళ్ళు మంచులో దిగబడితే చెయ్యి వేసి పైకి లాగాడు. తర్వాత కనబడలేదు. మాటలు వినిపించాయి గాని ఏం మాటలో తెలియలేదు. చాలాసేపు మాట్లాడాడు. రాండెల్ చేతులు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకున్నాడు.

ఒకే దెబ్బ వినిపించింది.

ఈమిల్ తిరిగి వచ్చి తుపాకీని తెరిచే ఉంచి రాండెల్‌కి ఇచ్చాడు. మిగిలిన రెండు తూటాలు అతని అరచేతిలో పెట్టాడు.

"తుడిచి ఇవ్వాలా?"

"అక్కర్లేదు."

"నేల గడ్డకట్టింది," అన్నాడు ఈమిల్, ఎవరితోనో అన్నట్టు. "ఏప్రిల్ దాకా గొయ్యి తవ్వడం కుదరదు. కొట్టంలో పెట్టా." తర్వాత మెట్టుకి ఆనించిన పార తీసుకుని, ఆపిన చోటి నుంచి మంచు తొయ్యడం మొదలుపెట్టాడు.

*

గురువారం మధ్యాహ్నం వెర్నా పొట్టేళ్ళ దొడ్డి గేటు బిగిస్తూ ఉంటే గొర్రె అరుపు వినిపించింది. గొర్రెలు మామూలుగా అలా అరవవు. తుపాకీ తీసుకుని గడ్డివాము పక్కగా వెళ్ళింది.

ముప్ఫై అడుగుల దూరంలో, కంచె మూల, ఒక గొర్రె ముందుకాళ్ళ మీద నిలబడి ఉంది. వెనక భాగం నేల మీద ఉంది. దాని వెనక కయోట్. తల పక్కకి వంచి, నోటి లోపలి దవడ పళ్ళతో తొడని రంపంతో కోస్తున్నట్టు కొరుకుతోంది. గొర్రె బతికే ఉంది. తల తిప్పి చూసుకుంటోంది.

మనిషి వచ్చిన అలికిడికి కయోట్ పారిపోలేదు. ఒకసారి తలెత్తి చూసి మళ్ళీ వంగింది. వెర్నా కాల్చింది. అంత దగ్గర నుంచి పెసరగింజంత గుండు తన పని చేసింది. కయోట్ అక్కడికక్కడే వాలిపోయింది. గొర్రె వంక చూసి, దాన్నీ కాల్చింది.

తర్వాత కాలితో కయోట్‌ని వెల్లకిలా తిప్పింది. పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేట్టున్నాయి. కింది దవడ ముందు భాగం లేదు. కోరలుండాల్సిన చోట చీము పట్టిన ఎముక కొస, దాని మీద నల్లగా ఉబ్బిన నాలుక. గాయం పాతది. వారం దాటింది.

వెర్నా అక్కడే మంచులో కూర్చుంది. గొంతు పట్టడానికి దీనికి కోరల్లేవు. వెనక నుంచి నమలడం తప్ప దీనికి వేరే దారి లేదు. కుందేళ్ళని పట్టలేదు. కదల్లేని చూడి గొర్రెలు తప్ప ఇంకేదీ దీనికి చిక్కదు. ఎవరూ అడగకపోయినా ఒక్కొక్కటే తనలో తను చెప్పుకుంది, పిల్లలు పలక మీద లెక్క సరిచూసుకున్నట్టు. ప్రతిసారీ జవాబు ఒక్కటే వచ్చింది.

కయోట్‌ని ట్రక్కులో వేసుకుని రాండెల్ కొట్టానికి వెళ్ళింది. అతను ఏమీ అడగకుండా దాన్ని కొక్కేనికి తగిలించి ఒలిచాడు. దవడ దగ్గరికి వచ్చేసరికి చాకు పక్కన పెట్టి, వేళ్ళతో ఎముక తడిమి, పటకారుతో ఏదో లాగాడు. వెలుతురుకి పట్టుకుని చూశాడు. గోటి కన్నా పల్చటి, గుండు పైతొడుగు రాగిరేకు ముక్క.

"ఎవరిదైనా కావచ్చు," అన్నాడు. "చలికాలమంతా కాలుస్తూనే ఉంటారు."

"ఇంత పొడిపొడిగా అయ్యేది నాదే."

"ట్వంటీటూ తుపాకీ గుండు కూడా అవుతుంది."

"రాండెల్."

అతను పటకారు కడిగి, గుడ్డతో తుడిచి, మేకుకి తగిలించాడు.

"కాగితంలో కుక్క అని రాసి పంపించేశాను," అన్నాడు.

"మార్చు."

"మార్చొచ్చు. ఎందుకు తప్పు రాశావని పైవాళ్ళు నన్ను అడుగుతారు, అది నా ఏడుపు, నేను పడతాను. ఆయన సంగతేంటి? వెళ్ళి చెప్పండి. నీ కుక్క ఏ పాపమూ ఎరగదు, నీ చేత్తో నువ్వే ఊరికే చంపావు అని. చెప్తే మీకు తేలిక. ఆయనకి?"

"అడిగింది ఒక్క రోజే."

"తెలుసు. నేనూ అక్కడే ఉన్నాగా." అతను కొక్కేనికి వేలాడుతున్నదాని వైపు చూశాడు, ఆమె వైపు చూడకుండా. "మీరు చెప్పకపోతే నేను చెప్పను. అంతే."

దారి పొడుగునా వెర్నా మాటలు పేర్చుకుంది. ముందు కయోట్ సంగతి చెప్పాలా, ముందు తుపాకీ సంగతి చెప్పాలా? 'బర్డీ కాదు' అని మొదలుపెట్టడమే మేలనిపించింది. రెండే మాటలు. ఇంటి ముందు ట్రక్కు ఆపేలోపు వాటిని చాలాసార్లు పైకి అని చూసుకుంది.

ఈమిల్ తలుపు తీసి, "నేనే వద్దామనుకుంటున్నా," అన్నాడు. "రా, బూట్లుంచుకో, పర్లేదు."

వంటింట్లో కాఫీ పోశాడు. తను ఎదురుగా కూర్చున్నాడు. గడ్డం గీసుకుని ఉన్నాడు, చొక్కా ఉతికినది. వెర్నా కప్పు రెండు చేతులతో పట్టుకుంది.

"ఈమిల్ గారూ, నేనొక మాట చెప్పడానికొచ్చాను."

"ముందు నన్ను చెప్పనీ. రెండు రోజుల నుంచి నోట్లో పెట్టుకుని తిరుగుతున్నా." అతను బల్ల మీద లేని ముక్కలేవో అరచేత్తో ఊడ్చాడు. "రాత్రి మంచం కిందే పడుకుందని చెప్పాను కదా. నిన్న కుర్చీ మీద బొచ్చు దులుపుతూ ఆలోచించా. నేను నిద్రమాత్ర వేసుకుంటాను వెర్నా. పిడుగు పడ్డా లేవను. వెనక తలుపు గడియ సరిగ్గా పడదు, తోస్తే వస్తుంది. అది తోసుకుని పోయి ఉంటుంది. పోయి మళ్ళీ వచ్చి పడుకుని ఉంటుంది. నేనెలా చెప్పగలను?"

"అలా కాదు, నేను చెప్పేది..."

"మూతికి ఉన్ని చూశా. నువ్వు రాకముందే చూశా. చూసి కూడా నిన్ను ఒక్క రోజు అడిగా. నీ గొర్రె కడుపులో పిల్లతో సహా చచ్చి పడుంటే నేను నీతో బేరమాడా. తర్వాత సిగ్గేసింది." అతను చొక్కా గుండీ సర్దుకున్నాడు. "మొదటి రాత్రి చాలా కష్టమైంది. అది చెయ్యలేదేమో, ఊరికే చంపానేమో అనుకున్నా. ఆ కొట్టం వెనక అది నా చెయ్యి వాసన చూస్తూ కూర్చుంది, కదల్లేదు. ఊరికే చంపి ఉంటే నేనిక్కడ ఈ కుర్చీలో కూర్చోలేను. నిన్న గడియ చూశాక ఊపిరాడింది."

వెనక తలుపు వైపు చూపించాడు. వెర్నా చూసింది. గడియ మామూలు గడియే.

"తర్వాత ఇంకేమైనా పోయాయా?" అని అడిగాడు ఈమిల్.

కాఫీ పైన సన్నటి ఆవిరి లేస్తోంది. ఆమె కోటు చేతి మడతలో నెత్తురు మరక ఒకటి ఎండిపోయి ఉంది. చెయ్యి బల్ల కిందికి దించుకుంది.

"లేదు," అంది.

"ఒక్కటి కూడా?"

"లేదండీ."

అతను వెనక్కి వాలాడు. భుజాలు కిందికి దిగాయి.

"అయితే అదే," అన్నాడు. "మంచి కుక్కే. మంచివి కూడా ఒక్కోసారి ఇలా చేస్తాయి." మళ్ళీ ముందుకి వంగి, "నన్ను క్షమించు వెర్నా," అన్నాడు.

"ఎప్పుడో క్షమించాను," అంది ఆమె.

ఆ మాట తన నోటి నుంచి ఎంత సులువుగా వచ్చిందో ఆమెకే తెలిసింది. ఈమిల్ కళ్ళు తుడుచుకుని నవ్వాడు.

"నువ్వేదో చెప్పాలన్నావు."

"ఏం లేదు. ఎలా ఉన్నారో చూసి పోదామని."

"ఈతలు ఎప్పటి నుంచి?"

"ఫిబ్రవరి పది అనుకుంటున్నా."

"ఆ భుజంతో పిల్లల్ని ఎలా లాగుతావు? నేనొస్తా. నాకు గొర్రెల పని తెలీదు, కాని మోస్తా, నీళ్ళు కాస్తా, రాత్రి దీపం పట్టుకుంటా. వద్దనకు. నాకు ఆ మాత్రం చెయ్యాలనుంది."

వెర్నాకి మనిషి సాయం కావాలి. అది నిజం. జీతానికి దొరికేవాళ్ళు ఎవరూ లేరు. అదీ నిజమే.

"రబ్బరు తొడుగులు నా దగ్గరున్నాయి," అంది. "పొద్దున ఐదింటికి వస్తే చాలు."

ఈమిల్ లేచి, గోడ మీది క్యాలెండరు మేకు నుంచి తీసి, బల్ల మీద పరిచాడు. జేబులోంచి పెన్సిలు తీసి, నాలుకకి తడి చేసి, ఫిబ్రవరి పదో తారీకు గడిలో 'వెర్నా' అని రాశాడు. పదకొండులో రాశాడు. పన్నెండులో రాశాడు. గడులు చిన్నవి, అక్షరాలు పెద్దవి. ఒక్కొక్కటీ జాగ్రత్తగా, గీత దాటకుండా రాస్తున్నాడు. వరసలు నిండుతూ వచ్చాయి. నెలాఖరుకి వచ్చాక తలెత్తాడు.

"మార్చిలో కూడా పని పడుతుందా?"

"పడొచ్చు," అంది వెర్నా.

అతను కాగితం తిప్పి, ఒకటో తారీకు నుంచి మొదలుపెట్టాడు.